1985లో రియల్ మాడ్రిడ్‌తో ఫైనల్ ఆడిన హంగేరీ కర్మాగారం జట్టు: అది గాలివాటు విజయమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హంగేరీలో సేకెష్‌ఫెహేర్‌వార్ అనే పట్టణానికి చెందిన వీడియోటన్ జట్టు 1985లో మాంచెస్టర్ యునైటెడ్‌ను దాటి, యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్ చేరిందని ఎక్కడో చదివారు. టీవీలు తయారుచేసే కర్మాగారం జట్టుకు అది ఎలా సాధ్యమైంది, గాలివాటుగా జరిగిందా, తర్వాత ఆ క్లబ్బు ఏమైపోయింది, దాని చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అది గాలివాటు కాదు. ఫైనల్ చేరడానికి కొంత అదృష్టం కలిసొచ్చింది, అది ఏ జట్టుకైనా కావాలి. కానీ అంతకుముందు సీజన్‌లోనే ఆ జట్టు హంగేరీ లీగులో మూడో స్థానంలో నిలిచింది. ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి ఆడుతున్నారు, వెనక పెద్ద కర్మాగారం ఉంది. ఆ కర్మాగారమే క్లబ్బును నిలబెట్టింది. అది తడబడినప్పుడు క్లబ్బునూ తనతోపాటు కిందికి లాగింది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆ క్లబ్బు ఎనభై ఏళ్ళ చరిత్ర మొత్తం అర్థమవుతుంది.

ఇంత నమ్మకంగా ఎలా చెబుతున్నానంటే, ఉద్యోగరీత్యా ఐదేళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాను. ఇంటికీ మైదానానికీ మధ్య నడిచి వెళ్ళేంత దూరమే. అంతకుముందు, కుర్రతనంలో, సికింద్రాబాదులో ఒక ప్రభుత్వ సంస్థ జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను. పొద్దున హాజరు పట్టీలో సంతకం పెట్టడం, మధ్యాహ్నం మైదానానికి వెళ్ళడం, జీతం మాత్రం గుమాస్తాగా తీసుకోవడం మాకు మామూలు. సోషలిస్టు హంగేరీలో కూడా అదే పద్ధతి. కాగితం మీద అందరూ అమెచ్యూర్లు, కర్మాగారం ఉద్యోగులు. నిజానికి వాళ్ళ పని ఫుట్‌బాల్ ఒక్కటే. అందుకే అక్కడి పాత ఆటగాళ్ళ కబుర్లు వింటున్నప్పుడు నాకు ఏదీ వింతగా అనిపించలేదు.

ముందు ఒక మాట తెలుసుకోవాలి. హంగేరీవాళ్ళు తమ దేశాన్ని రెండు ముక్కలుగా చూస్తారు: బుడాపెష్ట్ ఒకటి, మిగిలినదంతా ‘విదేక్’. విదేక్ అంటే రాజధాని కానిది అని అర్థం. లక్ష జనాభా ఉన్న పట్టణమైనా, మధ్యయుగాల్లో రాజులకు పట్టాభిషేకాలు జరిగిన సేకెష్‌ఫెహేర్‌వార్ అయినా విదేకే. ఫుట్‌బాల్‌లో ఈ తేడా ఎంత లోతైనదంటే, లీగు మొదలైన 1901 నుంచి నాలుగు దశాబ్దాల పాటు రాజధాని బయటి జట్టు ఒక్కటి కూడా చాంపియన్ కాలేదు. మొదటిసారి ఆ గౌరవం 1944లో నాజ్‌వారద్ జట్టుకు దక్కింది. ఆ ఊరు ఇప్పుడు రొమేనియాలో ఉంది, పేరు ఒరాదియా. నేటి సరిహద్దుల లోపలి విదేక్ జట్టు గెలవడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు గెలిచినది డ్యోర్ పట్టణంలోని రైలు పెట్టెల కర్మాగారం జట్టు. అది కూడా లీగు క్యాలెండరు మార్పు కోసం సగానికి కుదించిన సీజన్‌లో.

కారణం డబ్బు ఒక్కటే కాదు. 1949 తర్వాత ప్రభుత్వం క్లబ్బులను మంత్రిత్వ శాఖలకు, కార్మిక సంఘాలకు పంచిపెట్టింది. హోన్‌వేద్ సైన్యానికి, ఎం.టి.కె. రహస్య పోలీసులకు వెళ్ళాయి. దేశంలో మంచి ఆటగాడు ఎక్కడున్నా ఆ రెండింట్లో ఒకదానికి చేరేవాడు. విదేక్‌కు మిగిలినవి కర్మాగారాలు, గనులు, రైల్వేలు. దియోష్‌డ్యోర్‌లో ఉక్కు, తతబాన్యలో బొగ్గు, దెబ్రెట్సెన్‌లో రైల్వే. దెబ్రెట్సెన్ జట్టును ఇప్పటికీ అభిమానులు ‘లోకి’ అంటారు. లోకోమోటివ్‌కు అది ముద్దుపేరు.

ఇక్కడ మనకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, రహీమ్ గారి శిక్షణలో ఉన్న భారత జట్టు తొలి మ్యాచ్ ఆడింది హంగేరీతోనే. 1-2తో ఓడాం. మన గోల్ కొట్టింది సికింద్రాబాదు బలరామ్. హంగేరీ గోల్స్ కొట్టినవాళ్ళు గ్యోర్యోత్స్, ఆల్బర్ట్. మా జట్టు కోచ్ ఈ మ్యాచ్ కథ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను సేకెష్‌ఫెహేర్‌వార్ వెళ్ళాక తెలిసింది, ఆ గ్యోర్యోత్స్ పుట్టింది ఆ జిల్లాలోనే, గాంత్ అనే పల్లెలో. కానీ అతను ఎక్కువ కాలం ఆడింది బుడాపెష్ట్‌లోని ఊయ్‌పెష్ట్ క్లబ్బుకు. ఆల్బర్ట్ కూడా పల్లెటూరివాడే, ఆడింది ఫెరెంత్స్‌వారోష్‌కు. విదేక్ పిల్లల్ని కంటుంది, రాజధాని వాళ్ళ చేత ఆడిస్తుంది. వీడియోటన్ గొప్పతనం తెలియాలంటే ఈ నేపథ్యం తెలిసి ఉండాలి.

క్లబ్బు పుట్టుక. 1941లో, యుద్ధం మధ్యలో, ఆ ఊరి వేట తూటాల కర్మాగారం కార్మికులు పెట్టుకున్న క్రీడా సంఘం అది. యుద్ధం తర్వాత కర్మాగారం తూటాలు వదిలి గృహోపకరణాల వైపు, రేడియోల వైపు, తర్వాత టీవీల వైపు మళ్ళింది. 1968లో కర్మాగారం వీడియోటన్ అయింది, జట్టుకూ అదే పేరు వచ్చింది. ఫ్రెంచి లైసెన్సుతో కంప్యూటర్లు కూడా అక్కడ తయారయ్యేవి. సరుకులో పెద్ద భాగం సోవియట్ యూనియన్‌కు వెళ్ళేది. ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టినా ఒకరైనా అందులో పనిచేసేవారు. జట్టు 1960ల చివర మొదటి డివిజన్‌లోకి వచ్చింది. 1976లో ఫెరెంత్స్‌వారోష్ వెనక రెండో స్థానంలో నిలిచింది.

1983లో కోవాచ్ ఫెరెంత్స్ కోచ్ అయ్యాడు. (పేర్ల గురించి చిన్న మాట: హంగేరీవాళ్ళు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఇంగ్లీషు పత్రికల్లో అది తిరగబడి ఫెరెంత్స్ కోవాచ్ అవుతుంది. వెతికేటప్పుడు రెండు విధాలా వెతకండి.) అతని చేతిలో ఉన్నది తారల జట్టు కాదు. దిస్ట్ల్ అన్నదమ్ములు ఇద్దరు: పేతెర్ గోల్‌కీపరు, లాస్లో రక్షకుడు. మధ్యలో బుర్చ, చోంగ్రాది. ముందు సబో, మాయెర్. ముప్పై ఏళ్ళు దగ్గరపడేదాకా ఆటగాళ్ళను పశ్చిమ దేశాల క్లబ్బులకు వెళ్ళనిచ్చేవారు కాదు. ఆటగాళ్ళకు అది అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. కానీ దానివల్ల జట్లు చెదిరిపోలేదన్నది వాస్తవం. ఒకరి పరుగు ఒకరికి చూడకుండానే తెలిసేది. బుర్చ 31 ఏళ్ళ వయసులో, ఆ ఫైనల్ తర్వాతే ఫ్రాన్స్‌లోని ఓసేర్ క్లబ్బుకు వెళ్ళగలిగాడు.

ఇక ఆ సీజన్. ఒక్కో రౌండ్‌లో రెండు మ్యాచ్‌లు, ఇరు జట్ల ఊళ్ళలో ఒక్కొక్కటి; రెంటి గోల్స్ కలిపి లెక్క. మొదటి రౌండ్‌లో ప్రాగ్‌కు చెందిన దూక్లా మీద మొత్తం మీద 1-0తో బయటపడ్డారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

రెండో రౌండ్‌లో పారిస్ సాంజెర్మాఁ. పారిస్ వెళ్ళి 4-2తో గెలిచారు. నా లెక్కలో ఈ జట్టు అసలు రూపం బయటపడింది అక్కడ: వెనక కిక్కిరిసి నిలబడటం, బంతి దొరకగానే మూడు నాలుగు పాసుల్లో అవతలి గోల్ దగ్గరకు చేరడం. తిరుగు మ్యాచ్ నవంబరులో, సొంత మైదానం షోష్‌టోలో. షోష్‌టో అంటే ఉప్పు చెరువు. స్టేడియం పక్కనే చిత్తడి నేల ఉంది, ఇప్పుడది రక్షిత ప్రాంతం. శరదృతువు సాయంత్రాల్లో అక్కడ పొగమంచు పైనుంచి దిగదు, నేలలోంచి లేస్తుంది. నేనక్కడ అలాంటి ఒక మ్యాచ్ చూశాను. మొదట ఆటగాళ్ళ మేజోళ్ళు కనబడటం మానేస్తాయి, తర్వాత మోకాళ్ళు, కాసేపటికి అవతలి గోల్ స్తంభాలు. అక్కడివాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఆట చూస్తారు. మంచు కమ్మాక ఎవరికీ ఏమీ కనబడక, ఆ పొట్టు ఉమ్మే చప్పుడే చుట్టూ వినిపించింది. అవతలి వైపు జనం అరిస్తే మనవాళ్ళు గోల్ కొట్టారని మాకు తెలిసింది. 1984లో పారిస్ జట్టుతో ఆట అలాగే మంచు వల్ల మధ్యలో ఆగిపోయింది, అప్పటికి వీడియోటన్ ముందంజలో ఉంది కూడా. మరునాడు మొదటినుంచి మళ్ళీ ఆడాల్సి వచ్చింది. మళ్ళీ గెలిచారు, 1-0. ముందురోజు చేతికందిన ఆటను పోగొట్టుకుని, అలసిన కాళ్ళతో మళ్ళీ దిగి గెలిచిన జట్టును గాలివాటు జట్టని నేననలేను.

మూడో రౌండ్‌లో బెల్‌గ్రేడ్ పార్తిజాన్. అంతకుముందు రౌండ్‌లో ఆ జట్టు లండన్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 2-6తో ఓడి, సొంతగడ్డ మీద 4-0తో గెలిచి ముందుకు వచ్చింది. అలాంటి మొండి జట్టును షోష్‌టోలో 5-0తో కొట్టారు. బెల్‌గ్రేడ్‌లో 0-2తో ఓడినా ఇబ్బంది కాలేదు.

మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్. అదే సీజన్‌లో ఎఫ్.ఏ. కప్ గెలిచిన జట్టది. మాంచెస్టర్‌లో స్టేపుల్టన్ గోల్‌తో 0-1. తిరుగు మ్యాచ్‌లో విట్‌మన్ కొట్టిన ఫ్రీకిక్ గోల్‌లోకి వెళ్ళింది, 1-0. అదనపు సమయంలో ఎవరూ కొట్టలేదు. పెనాల్టీల్లో వీడియోటన్ 5-4. మీరు అదృష్టం ఎక్కడుందని అడిగితే ఈ మ్యాచ్ చూపిస్తాను. పెనాల్టీలు ఎటైనా తిరగవచ్చు. అయితే 210 నిమిషాల పాటు ఆ జట్టుకు ఒక్క గోల్ మాత్రమే ఇచ్చి నిలబడటం మాత్రం పనితనం.

సెమీఫైనల్‌లో సరయేవోకు చెందిన జెల్యెజ్నిచార్, కోచ్ ఇవిట్సా ఓసిమ్. షోష్‌టోలో వీడియోటన్ 3-1. సరయేవోలో ఆతిథ్య జట్టు రెండు గోల్స్ కొట్టింది. మొత్తం 3-3, కానీ స్కోరు సమమైతే బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు కాబట్టి, ఆ లెక్కన జెల్యెజ్నిచార్ ఫైనల్‌కు. ఆట ముగియడానికి నిమిషాలే మిగిలాయి. అప్పుడు వీడియోటన్ రక్షకుడు చుహయ్ గోల్ కొట్టాడు.

ఫైనల్ అప్పట్లో రెండు మ్యాచ్‌లు. మే 8న షోష్‌టోలో రియల్ మాడ్రిడ్ 3-0తో గెలిచింది. లక్ష జనాభా ఉన్న ఊళ్ళో దాదాపు 40 వేల మంది మైదానంలో ఉన్నారు. స్కోరు చూసి చిత్తయ్యారనుకోకండి. 31వ నిమిషంలో మీచెల్ కొట్టాక 77వ నిమిషం దాకా ఆట 0-1 మీదే నడిచింది. తర్వాత సంతిల్యానా, చివర్లో వల్దానో. రెండు వారాల తర్వాత, మే 22న, మాడ్రిడ్‌లో కప్పు అప్పటికే చేతిలో ఉన్నట్టు పండుగ చేసుకుంటున్న జనం ముందు, దిస్ట్ల్ పేతెర్ వల్దానో పెనాల్టీని ఆపాడు. 86వ నిమిషంలో మాయెర్ గోల్ కొట్టాడు. బెర్నబేవులో వీడియోటన్ 1-0తో గెలిచింది. కప్పు మాత్రం రియల్‌కు, మొత్తం 3-1తో. 1966 తర్వాత రియల్‌కు అదే మొదటి యూరప్ కప్పు. ఆ సీజన్‌లో ఆండర్‌లెక్ట్ మీద 0-3 లోటును 6-1తో, ఇంటర్ మీద 0-2 లోటును 3-0తో సొంత మైదానంలో తిరగేసిన జట్టది. ఆ మైదానంలో గెలిచి రావడం ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఇంత పెద్ద కథ బయట ఎందుకు మరుగున పడిందని చాలామంది అడుగుతారు. సరిగ్గా వారం తర్వాత, మే 29న, బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో 39 మంది చనిపోయారు. ఆ ఏడాది యూరప్ ఫుట్‌బాల్ అనగానే అందరికీ ఆ దుర్ఘటనే గుర్తొస్తుంది. ఒక ఊరి జట్టు గెలుపు ఓటముల గురించి మాట్లాడే స్థితిలో ఎవరూ లేరు.

నిజాయితీగా ఒక మచ్చ కూడా చెప్పాలి. ఆ కాలపు హంగేరీ లీగు శుభ్రమైనది కాదు. ఫుట్‌బాల్ ఫలితాల మీద కట్టే టోటో పందేల కుంభకోణం 1983లో బయటపడి, ఆటగాళ్ళకు, రిఫరీలకు ఎందరికో శిక్షలు పడ్డాయి. కాబట్టి 1980ల లీగు పట్టికలను వేదవాక్కుగా తీసుకోవద్దు. పారిస్, మాంచెస్టర్, మాడ్రిడ్ ఫలితాలకు మాత్రం ఆ మచ్చ అంటదు.

తర్వాత ఏమైంది? 1990 ప్రాంతంలో సోవియట్ మార్కెట్ కూలిపోయింది. వీడియోటన్ టీవీలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. కర్మాగారం ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళి, వేల మందిని తగ్గించి, ఇతర కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే సంస్థగా బతికి బట్టకట్టింది. క్లబ్బుకు మాత్రం పెద్దదిక్కు పోయింది. ఇటలీ పాల కంపెనీ పర్మలాట్ పేరుతో కొంతకాలం ఆడింది. 1990ల చివర రెండో డివిజన్‌కు కూడా పడిపోయి తిరిగి వచ్చింది. 2005లో ఎఫ్.సి. ఫెహేర్‌వార్ అయింది. ఆ పేరుతోనే 2006లో హంగేరీ కప్ గెలిచింది. యూరప్ ఫైనల్ ఆడిన క్లబ్బుకు స్వదేశంలో అదే మొదటి పెద్ద ట్రోఫీ!

లీగు టైటిల్ 2011లో వచ్చింది, మెజెయ్ గ్యోర్గ్య్ శిక్షణలో. 1986 ప్రపంచకప్‌కు హంగేరీని తీసుకెళ్ళిన కోచ్ ఆయనే. మాడ్రిడ్ గెలుపుకూ ఆ టైటిల్‌కూ మధ్య 26 ఏళ్ళు. తర్వాత 2015, 2018లలో మరో రెండు. 2012లో పాలో సౌసా కోచ్‌గా ఉండగా యూరోపా లీగులో స్పోర్టింగ్ లిస్బన్‌ను 3-0తో ఓడించారు. 2018 డిసెంబరులో చెల్సీతో 2-2 సమం చేశారు. అదే ఏడాది కొత్త స్టేడియం పాత షోష్‌టో స్థలంలోనే తెరుచుకుంది. చమురు కంపెనీ మోల్ పేరు చేరి, క్లబ్బు మోల్ వీడి అయింది (‘వీడి’ వీడియోటన్‌కు ముద్దుపేరు), తర్వాత మోల్ ఫెహేర్‌వార్. 2025లో మొదటి డివిజన్ నుంచి మళ్ళీ దిగజారింది. దిగజారిన ఆ వేసవిలోనే వీడియోటన్ అన్న పాత పేరు తిరిగి పెట్టుకుంది.

చదివేటప్పుడు తడబడేది ఈ పేర్ల దగ్గరే. యజమాని మారినప్పుడల్లా హంగేరీ క్లబ్బులు పేరు మార్చుకుంటాయి. మీరు గణాంకాల పట్టికలో ఎఫ్.సి. ఫెహేర్‌వార్, వీడియోటన్, మోల్ వీడి వేర్వేరు జట్లనుకునే ప్రమాదం ఉంది. నేను మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. దానికి విరుగుడు నాకు తెలిసింది ఒక్కటే: ఒక నోటు పుస్తకంలో ఎడమవైపు సంవత్సరం, పక్కన ఆ ఏటి పేరు, దాని పక్కన డబ్బు ఎవరిదో రాసుకోండి. ఇంకో గుర్తు రంగులు. పేరు ఎన్నిసార్లు మారినా ఎరుపు, నీలం మారలేదు. అభిమానులు ఏ యజమాని ఉన్నా ‘హోయ్‌రా వీడి’ అనే అరుస్తారు.

ఈ క్లబ్బు తర్వాత ఎటు వెళ్ళాలంటే, డ్యోర్, దెబ్రెట్సెన్ చూడండి. డ్యోర్ 1965లో యూరోపియన్ కప్ సెమీఫైనల్ ఆడి బెన్ఫికా చేతిలో ఓడింది. దెబ్రెట్సెన్ 2009లో చాంపియన్స్ లీగు గ్రూపులో లివర్‌పూల్, లియోన్, ఫియోరెంతినాలతో ఆడి ఆరుకు ఆరు ఓడిపోయింది, అయినా ఊరు ఆ ఏడాదిని ఇప్పటికీ తలుచుకుంటుంది.

ఇక ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి అన్న మీ చివరి ప్రశ్న. అందరూ మాడ్రిడ్ మ్యాచ్ చూడమంటారు. నేను సరయేవో మ్యాచ్ చివరి పది నిమిషాలు చూడమంటాను. మా పక్కింటి పెద్దాయన ఆ రోజు కర్మాగారంలో టీవీల పరీక్ష విభాగంలో సాయంత్రం షిఫ్టులో ఉన్నాడట. వెనక పలకలు ఇంకా బిగించని సెట్లు వరసగా బల్లల మీద వెలుగుతూ ఉండేవి. మామూలుగా వాటిలో రంగుల పట్టీలు కనబడతాయి. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే అందరూ అన్ని సెట్లూ మ్యాచ్‌కు తిప్పారు. చుహయ్ బంతిని తన్నినప్పుడు ఆ గది నిండా గోల్ పడింది, ఒక్కో సెట్టులో ఒక్కో ఛాయలో, ఎందుకంటే రంగులు ఇంకా సరిచేయలేదు. ఒకదాంట్లో వీడియోటన్ చొక్కాలు ఆకుపచ్చగా ఉన్నాయని చెబుతూ, అది ఏ బల్ల మీది సెట్టో కూడా ఆయన నాకు చేత్తో చూపించాడు, తన వంటింట్లో నిలబడి.